ఒక కర్రలో రెండు వైరస్‌లు

కర్రపెండలంలో మొజాయిక్ తెగులు కనబడగానే అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే: "దీన్ని తట్టుకునే రకం ఏదైనా ఉందా?" పెద్దాపురం, సామర్లకోట మెట్టల్లోనైనా అంతే, సేలంలోనైనా అంతే, ఉగాండాలోనైనా అంతే. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. నాటబోయే ఈ కర్రలో (ఈ పంటకు విత్తనం కాండం ముక్కే) ఏ వైరస్ ఉంది? ఒకటేనా, రెండున్నాయా?

ఇదేదో ల్యాబుల్లో కూర్చున్నవాళ్ల చాదస్తం అనిపించొచ్చు. కానీ గత నలభై ఏళ్లలో ఈ పంటను కుదిపేసిన ముప్పుల వెనక్కి వెళ్లి చూస్తే పదేపదే తేలేది ఒకే సంగతి. రెండు వేర్వేరు వైరస్‌లు ఒకే మొక్కలో కలిశాయి, ముక్కలు మార్చుకున్నాయి, రెండింటికంటే మొండిదొకటి తయారైంది. కాబట్టి వాటిని ఒక మొక్కలో కలవనీయకపోవడం మొదటి పని, రకం ఎంపిక రెండోది అని నా వాదన. మన దగ్గర ఇది తిరగబడి నడుస్తోంది.

ముందు పేరు దగ్గరే తిరకాసు ఉంది. మొజాయిక్ అనేది వైరస్ పేరు కాదు, ఆకు మీద కనబడే లక్షణం పేరు. ఆకులో పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, ఆకు వంకర తిరిగి, చిన్నదైపోతే మొజాయిక్ అంటాం. జ్వరం అన్నట్టే ఇదీ. జ్వరం మలేరియాకీ వస్తుంది, టైఫాయిడ్‌కీ వస్తుంది.

కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడ ఈ తెగులు లేదు. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో ఈ పంటను ఆఫ్రికాకు తీసుకెళ్లారు. 1894లో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇప్పటి టాంజానియా ప్రాంతంలో ఈ తెగులును మొదటిసారి నమోదు చేశాడు. మన దేశంలో సాగు ఊపందుకున్నది 1880ల నుంచి, తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ ప్రోత్సాహంతో. ఇక్కడా మొజాయిక్ వచ్చింది. అయితే అది ఆఫ్రికా నుంచి దిగుమతైన సరుకు కాదు. మన దగ్గర ఉన్న రెండు వైరస్‌లు, అంటే భారత కసావా (కర్రపెండలానికే ఇంకో పేరు) మొజాయిక్ వైరస్, శ్రీలంక కసావా మొజాయిక్ వైరస్, వంశవృక్షంలో ఆసియా వైరస్‌ల పక్కన కూర్చుంటాయి. ఆఫ్రికావి ఆఫ్రికా కొమ్మ మీదే ఉంటాయి. అంటే రెండు ఖండాల్లోనూ స్థానిక మొక్కల్లో ఎప్పటినుంచో ఉన్న వైరస్‌లు కొత్తగా వచ్చిన పంట మీదికి విడివిడిగా దూకాయి. ఆకు మీద గుర్తులు మాత్రం అచ్చం ఒకేలా ఉంటాయి. ఆకు చూసి వైరస్ పేరు చెప్పేస్తామనేవాళ్లను అందుకే నమ్మకూడదు.

ఇవన్నీ బెగోమోవైరస్‌లు. గుంటూరు మిరప రైతులు "జెమిని" అని పిలిచేది కూడా ఈ కుటుంబాన్నే. మైక్రోస్కోపులో కణాలు జంటగా అతుక్కుని కనబడతాయి కాబట్టి ఆ పేరు. లోపల ఉండేది ఒంటి పోగు డీఎన్‌ఏ వలయం. కర్రపెండలం వైరస్‌లకు అలాంటి వలయాలు రెండు: డీఎన్‌ఏ-ఏ, డీఎన్‌ఏ-బీ. ఒక్కోటి సుమారు 2,700–2,800 అక్షరాలు. కాపీలు మొదలుపెట్టించే ప్రోటీనూ, పై తొడుగూ డీఎన్‌ఏ-ఏ వలయంలో ఉంటాయి. మొక్కలో ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకే సామర్థ్యం బీ వలయంలో ఉంటుంది. ఒక్కో జంట కణంలో ఒక్క వలయమే పడుతుంది కాబట్టి తెగులు రావాలంటే రెండు రకాల కణాలూ మొక్కలోకి చేరాలి. చూడ్డానికి ఇది బలహీనత. నిజానికి ఇదే దాని బలం, ఎందుకో ముందు ముందు వస్తుంది.

వైరస్ మారుతుంది అనగానే మనకు మ్యుటేషన్ గుర్తొస్తుంది. నిజమే, ఈ వైరస్‌లు డీఎన్‌ఏవే అయినా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లంత వేగంగా మారతాయి. తూర్పు ఆఫ్రికా కసావా మొజాయిక్ వైరస్ మీద 2009లో వచ్చిన లెక్క ప్రకారం డీఎన్‌ఏ-ఏ వలయంలో వెయ్యి అక్షరాలకు ఏడాదికి సుమారు ఒకటిన్నర మార్పు నిలబడుతుంది. 2,800 అక్షరాలకు లెక్కేస్తే ఏడాదికి నాలుగైదు. వాటిలో చాలావరకు దేనికీ కొరగానివి.

ఇప్పుడు రెండో దారి చూడండి. ఒకే కణంలో రెండు వైరస్‌ల వలయాలు ఉన్నాయనుకోండి. వీటికి సొంతంగా డీఎన్‌ఏ కాపీ చేసే యంత్రం లేదు, మొక్క యంత్రాన్నే వాడుకుంటాయి. కాపీ సగంలో ఉండగా యంత్రం మొదటి వలయం మీంచి జారి, పోలిక ఉన్న చోట రెండోదాన్ని పట్టుకుని మిగతాది పూర్తి చేస్తుంది. కొత్త వలయంలో సగం దీనిది, సగం దానిది. నాలుగైదు అక్షరాలు మారడానికి ఏడాది పట్టే చోట నాలుగైదు వందల అక్షరాలు ఒక్క దఫాలో మారిపోతాయి. పైగా ఆ ముక్క ఇంకో వైరస్‌లో అప్పటికే పనిచేసి నిరూపించుకున్న ముక్క. ఇంట్లో తయారుచేసిన పుర్జా కాదు, నడుస్తున్న ఇంకో బండిలోంచి పీకి తెచ్చి బిగించిన పుర్జా.

ఉగాండాలో జరిగింది సరిగ్గా ఇదే. అక్కడ మొజాయిక్ చాలాకాలంగా ఉంది, రైతులు దాంతోనే నెట్టుకొస్తున్నారు. 1980ల చివర్లో దేశం ఉత్తర మధ్య ప్రాంతంలో ఒక్కసారిగా ఉద్ధృతమైన రూపం బయటపడింది. మొక్కలు గిడసబారాయి, ఆకులు ముద్దగా ముడుచుకుపోయాయి, దుంప ఊరడం మానేసింది. తెగులు ఏడాదికి సుమారు 20 నుంచి 30 కిలోమీటర్ల చొప్పున దక్షిణానికి నడిచింది. ఎబ్వానటెరాకా అనే బాగా ఆదరణ ఉన్న నాటు రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కర్రపెండలం మీదే బతికే ప్రాంతాల్లో జనం సాగే వదిలేశారు.

అప్పట్లో వైరస్‌ను గుర్తించడానికి వాడేది యాంటీబాడీ పరీక్ష. అది పట్టుకునేది వైరస్ పై తొడుగును. పరీక్ష చేస్తే వచ్చిన జవాబు: ఆఫ్రికన్ కసావా మొజాయిక్ వైరస్. అంటే పాతదే. పాత వైరస్ ఇంత విధ్వంసం ఎలా చేస్తోందో అంతుపట్టలేదు. 1997లో డీఎన్‌ఏ అక్షరాలను వరసగా చదివాక ముడి విడింది. తొడుగు ప్రోటీన్ జన్యువులో మొదటి 219 అక్షరాలు తూర్పు ఆఫ్రికా వైరస్‌వి. తర్వాత 459 అక్షరాలు ఆఫ్రికన్ వైరస్‌వి. చివరి 93 మళ్లీ తూర్పు ఆఫ్రికావి. మిగతా డీఎన్‌ఏ-ఏ వలయమంతా కూడా తూర్పు ఆఫ్రికాదే. పంచెకట్టు మార్చకుండా చొక్కా ఒక్కటి మార్చుకుని వచ్చిన మనిషిని చొక్కా చూసి గుర్తుపట్టినట్టయింది మన పరీక్ష.

అది అక్కడితో ఆగలేదు. ఈ కొత్త వైరస్, పాత ఆఫ్రికన్ వైరస్ కలిసి సోకిన మొక్కల్లో తెగులు అతి తీవ్రంగా కనబడింది. మొక్క తన రక్షణ కోసం వైరస్ సందేశాలను చిన్న చిన్న ముక్కలుగా కోసేస్తుంది. ఆ కత్తెరను మొద్దుబార్చే ప్రోటీన్లు ప్రతి వైరస్‌కీ ఉన్నాయి, కానీ ఒక్కోదాని ఎత్తుగడ ఒక్కో రకం. రెండూ కలిస్తే మొక్కకు ఎటూ దారి లేదు. కోలుకోలేని మొక్కలో రెండు వైరస్‌లూ విపరీతంగా పెరుగుతాయి. పెరిగినకొద్దీ ఒకే కణంలో కలిసే అవకాశం, ముక్కలు మార్చుకునే అవకాశం ఇంకా పెరుగుతుంది. జోడు సోకడం ఒక ప్రమాదం కాదు, అదొక కార్ఖానా.

మన వైపు కథ ఇంకో తీరు. శ్రీలంక వైరస్ డీఎన్‌ఏ-ఏ వలయాన్ని పరిశీలిస్తే అది ఒకప్పుడు ఒంటి వలయంతో బతికిన వైరస్ అనిపిస్తుంది. దాని బీ వలయం మాత్రం భారత వైరస్ బీ వలయానికి దగ్గరి చుట్టం. 2002లో వచ్చిన విశ్లేషణ సారాంశం ఏంటంటే, ఈ వైరస్ ఎప్పుడో ఏదో మొక్కలో భారత వైరస్‌తో కలిసి ఉండగా దాని బీ వలయాన్ని సొంతం చేసుకుంది. వలయాలు విడివిడిగా ఉండటం బలం అన్నది ఇందుకే: పుర్జా కాదు, ఏకంగా ఇంజనే మార్చుకోవచ్చు. ఇప్పుడు దక్షిణాదిలో ఎక్కువ విస్తీర్ణంలో దొరికేది ఈ శ్రీలంక వైరస్సే. తమిళనాడు, కేరళల్లో రెండూ కలిసి ఉన్న మొక్కలూ దొరికాయి.

ఇదే వైరస్ 2015లో కంబోడియాలోని రతనకిరిలో కనబడింది. 2017కి వియత్నాం, 2018కి థాయ్‌లాండ్. అక్కడి నమూనాలను పోలిస్తే వైవిధ్యం చాలా తక్కువ, దాదాపు అన్నీ ఒకే అచ్చు. ఒక చోటి నుంచి వచ్చిన సరుకు కర్రల కట్టలతో ఊరూరా తిరిగిందని దాని అర్థం. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వైవిధ్యం తక్కువైతే నష్టం తక్కువని కాదు. ఒక్క అచ్చు వైరస్ కూడా లక్షల ఎకరాలను పాడుచేయగలదు. నా వాదన నష్టం గురించి కాదు, రాబోయే నష్టం గురించి. ఈ ఒంటరి వైరస్ పక్కకు రేపు రెండోది వస్తే ఏమవుతుందన్నది ఉగాండా చూసింది.

"మంచి నిరోధక రకం ఉంటే ఇదంతా ఎందుకు?" అనే ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. ఆఫ్రికాలో నైజీరియా నాటు రకాల నుంచి వచ్చిన సీఎండీ2 అనే ఒక్క జన్యువు దశాబ్దాలుగా నిలబడింది. ఒక్క జన్యువు మీద ఆధారపడితే రెండు మూడేళ్లలో విరిగిపోతుందనే లెక్కను అది తప్పని చూపించింది. 2022లో దాని గుట్టు తెలిసింది. అది మొక్క సొంత డీఎన్‌ఏ కాపీ యంత్రంలోని ఒక భాగంలో వచ్చిన మార్పు. వైరస్ అరువు తెచ్చుకునే యంత్రమే అక్కడ మారిపోయిందన్నమాట. దాన్ని దాటడం వైరస్‌కు కష్టమే.

అయినా మూడు చిక్కులున్నాయి. ఒకటి, టాంజానియా మొక్కల్లో దొరికిన రెండు చిన్న డీఎన్‌ఏలు వైరస్‌తో పాటు ఉన్నప్పుడు సీఎండీ2 ఉన్న మొక్కలు కూడా లొంగిపోయాయని 2016లో తేలింది. రెండు, కణజాల వర్ధనంలో కణాల ముద్ద నుంచి పిండాలు పుట్టించి మొక్కలు పెంచే పద్ధతిలో ఈ నిరోధకత మాయమవుతోంది. శుభ్రమైన మొక్కలు తయారుచేస్తున్నామనుకుంటూ నిరోధకత పోయిన మొక్కలను పంచే ప్రమాదం అది. చిగురు కొనలోని పెరుగుదల మొగ్గను కోసి పెంచే పద్ధతికి ఈ ఇబ్బంది లేదు, కాబట్టి ఏ పద్ధతిలో పెంచారో అడిగి తీసుకోవాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. మొజాయిక్‌ను తట్టుకునే రకాలు పంచిన ఉగాండాలోనే 2004 తర్వాత గోధుమ చారల తెగులు విజృంభించింది. అది పూర్తిగా వేరే కుటుంబం, ఆర్‌ఎన్‌ఏ వైరస్, మోసేది మాత్రం మొజాయిక్ వైరస్‌లను మోసే తెల్లదోమే (ఆకు రసం పీల్చే చిన్న పురుగు). మొజాయిక్‌ను తట్టుకున్న రకాలు దీనికి తలవంచాయి. ఆకులు చూస్తే మొక్క బాగానే ఉంటుంది, దుంప కోస్తే లోపల గోధుమరంగు కుళ్లు.

"నిరోధక రకం" అన్న మాట అసంపూర్ణ వాక్యం. దేనికి నిరోధకం, ఎక్కడ పరీక్షించారు, ఎప్పుడు? మినుములో పల్లాకు తెగులు సంగతే తీసుకోండి. ఉత్తరాదిలో ఎక్కువగా ఉండే వైరస్ జాతి వేరు, దక్షిణాదిలో ఉండేది వేరు. అక్కడ పాసైన రకం ఇక్కడ పసుపెక్కితే రకాన్ని తిట్టి లాభం లేదు. బెండలో పర్భనీ క్రాంతి, అర్క అనామిక ఒకప్పుడు పల్లాకును తట్టుకునే రకాలుగా వెలిగాయి, తర్వాత రెండూ దానికి లొంగాయి.

ఇక పరీక్ష సంగతి. తొడుగు జన్యువులో ఒక ముక్కను పీసీఆర్‌లో (డీఎన్‌ఏను లక్షల కాపీలు చేసే పరీక్ష) పెంచి "ఫలానా వైరస్" అని రాసిచ్చే రిపోర్టుకు విలువ సగమే, ఉగాండా పాఠం అదే. ఉందా లేదా తేల్చడానికి అది చాలు. ఏ వైరసో తేల్చాలంటే డీఎన్‌ఏ-ఏ వలయం మొత్తం చదవాలి. వలయాన్ని తిరుగుతూ తిరుగుతూ కాపీ చేసే ఫై29 ఎంజైముతో పెంచి, ఎంజైములతో కోసి పూర్తి పొడవు ముక్కను తీస్తారు. బెగోమోవైరస్‌లలో డీఎన్‌ఏ-ఏ వలయం 91 శాతానికి పైగా కలిస్తే ఒకే జాతి, 94 శాతానికి పైగా కలిస్తే ఒకే స్ట్రెయిన్ (జాతిలో ఉపరకం) అని లెక్క. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది దొంగ సంకరాల విషయంలో. రెండు వైరస్‌లున్న నమూనాను మామూలు పీసీఆర్‌లో పెంచితే ట్యూబులోనే యంత్రం ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జారి, మొక్కలో లేని సంకరం తయారవుతుంది. చిన్న ముక్కలు చదివి కంప్యూటరులో అతికించినా అదే ప్రమాదం. ఒకే సంకరం వేర్వేరు మొక్కల్లో, విడివిడి ప్రయోగాల్లో, ఒకే అతుకుతో దొరికితేనే నమ్మాలి. ఆకు ఎంపికలోనూ పొరపాట్లు జరుగుతాయి: ముదురాకు తెస్తే జిగురు, టానిన్లు ఎక్కువై పరీక్షే విఫలమై "వైరస్ లేదు" అని రావచ్చు. చిగురు కింద రెండో మూడో లేతాకు తీసుకోవాలి.

పొలంలో పరీక్ష ఇంతకంటే చౌక. మొలకెత్తిన మొక్క దగ్గర వంగి కింది ఆకులు చూడాలి. మొట్టమొదట వచ్చిన ఆకుల నుంచే మొజాయిక్ ఉంటే వైరస్ కర్రతోనే వచ్చింది. కింది నాలుగైదు ఆకులు శుభ్రంగా ఉండి పైవి మాత్రమే పాడైతే తెల్లదోమ తెచ్చింది. ఈ తేడా తెలిస్తే తప్పు కర్రదా, దోమదా అన్నది తేలిపోతుంది. కర్రతో వచ్చినదానికి ఎంత మందు కొట్టినా వృథా. దోమ తెచ్చినదానికి కూడా మందుతో పెద్దగా ఒరిగేది లేదు: ఆఫ్రికన్ వైరస్ మీద చేసిన ప్రయోగాల్లో దోమ మూడున్నర గంటలు పీలిస్తే వైరస్ ఎక్కింది, ఎనిమిది గంటలకు పంచడానికి సిద్ధమైంది, కొత్త మొక్కకు ఎక్కించడానికి పది నిమిషాలే పట్టింది. మందు తగిలి దోమ చచ్చేలోపు పని అయిపోతుంది. అన్ని తెల్లదోమలూ ఒకటి కాదు కూడా. చూడ్డానికి తేడా తెలియని ముప్పైకి పైగా జాతులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. శ్రీలంక వైరస్‌ను బాగా మోసేది ఆసియా రెండు-ఒకటి అనే జాతి.

ఇక కర్ర. ఎకరానికి 90 × 90 సెంటీమీటర్ల ఎడంతో సుమారు 5,000 మొక్కలు కావాలి. మామూలుగా జానెడు ముక్కలు కోసి నేరుగా పొలంలో గుచ్చేస్తారు, జబ్బు ముక్క కూడా తన చోటు పట్టుకుని కూర్చుంటుంది. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ చెప్పే నారుమడి పద్ధతి దీనికి విరుగుడు. మూడు నాలుగు కణుపుల చిన్న ముక్కలను 4 × 4 సెంటీమీటర్ల ఎడంతో మడిలో గుచ్చాలి. చదరపు మీటరుకు 625 పడతాయి. మూడోవంతు దాకా తీసేయాల్సి వస్తుందనుకుని 7,500 పెట్టుకున్నా పన్నెండు చదరపు మీటర్లు చాలు, అంటే ఒక గదంత. మిరప నారుకు వాడే సన్న రంధ్రాల వల కప్పితే దోమ రాక బాగా తగ్గుతుంది. మొదటి పది రోజులు రోజూ తడి ఇవ్వాలి. 20–25 రోజుల్లో నాటేలోపు వారానికోసారి చూసి, మొజాయిక్ కనబడిన ప్రతి ముక్కనూ పీకి కాల్చేయాలి. పీకడానికి చెయ్యి రాదు, అదే పెద్ద సమస్య. "కొంచెమే ఉందిలే, కోలుకుంటుంది" అని వదిలినదే దోమకు గిన్నె నింపి పెడుతుంది.

తల్లి మొక్కల ఎంపికలో ఎక్కువ మంది చేసే తప్పు వేసవిలో చూసి ఎంచడం. ఎండలు ముదిరితే మొజాయిక్ గుర్తులు మాసిపోతాయి, వైరస్ లోపల ఉంటూనే ఆకు పచ్చగా వస్తుంది. అందుకని మొక్క మూడు నుంచి ఐదు నెలల వయసులో, వాతావరణం చల్లగా ఉన్నప్పుడే శుభ్రంగా ఉన్నవాటికి రంగు దారం కట్టి, తవ్వేటప్పుడు దారం ఉన్నవాటి నుంచే కర్ర తీసుకోవాలి. మధ్య భాగం కర్రే వాడాలి, లేత కొన, ముదురు మొదలు వదిలేయాలి. కొన్ని నిరోధక రకాల్లో వైరస్ కర్రంతా సమానంగా పాకదు కాబట్టి జబ్బు మొక్క ముక్కల నుంచి కూడా కొన్ని శుభ్రంగా మొలుస్తాయి. అదృష్టమే, కానీ దాన్ని పద్ధతిగా పెట్టుకోకూడదు.

చివరగా, నా వాదనలో ఎక్కువ మందికి నచ్చని భాగం. పక్క జిల్లా నుంచో పక్క రాష్ట్రం నుంచో "మంచి కర్ర" లారీలో తెప్పించుకోవడం ఆపాలి. అది మంచి కర్రే కావచ్చు. కానీ అందులో ఒక వైరస్, మన పొలంలో ఇంకొకటి ఉంటే ఆ లారీ రెండింటికీ సంబంధం కలిపే పెళ్లిళ్ల పేరయ్య. కొత్త రకం తప్పనిసరైతే ఒక కట్ట మాత్రమే తెచ్చి, వల కింద మడిలో వేసి, లేతాకులు పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక అందులోంచే కర్ర పెంచుకోవాలి. ఒక పంటకాలం ఆలస్యమవుతుంది. కట్ట మీద రకం పేరుతో పాటు ఏ వైరస్‌లకు పరీక్షించారు, తొడుగు ముక్కనా మొత్తం వలయాన్నా, ఆకు ఏ నెలలో కోశారు అని రాసి ఉన్న చీటీ ఉండాలి. అమ్మేవాళ్లు అది ఇవ్వలేకపోతే పాత పొలంలో దారం కట్టిన మొక్కల కర్రే నయం.